షుగర్ దానంతటదే తగ్గిందని సంబరపడకండి

ప్రశ్న: మాది దేవరకొండ దగ్గర పల్లె. వచ్చే నెల మా ఆడపడుచుకు ఒడిబియ్యం పోస్తున్నాం. యాభై అరవై మంది వస్తారు. వంటవాళ్లను పెట్టకుండా మేమే చేసుకుందామనుకుంటున్నాం. భోజనానికి ముందు పెట్టడానికి, అన్నంలోకి నంజుకోవడానికి తేలికగా అయ్యేవి, షుగర్ ఉన్నవాళ్లు కూడా తినగలిగేవి చెప్పండి. ముందు రోజే చేసిపెట్టుకోగలిగేవైతే మంచిది. మా అత్తమ్మకు 64 ఏళ్లు. చాలా ఏళ్లుగా షుగర్, బీపీ ఉన్నాయి. దసరాకు ఇంట్లో పెరుగు గారెలు, చికెన్ చేసుకుంటే తెల్లారి ఐదారుగురికి వాంతులు, విరేచనాలు అయ్యాయి. అందరికీ రెండు రోజుల్లో తగ్గింది, ఆమెకు నాలుగు రోజులు పట్టింది. మోకాళ్ల నొప్పులకు మెడికల్ షాపులో తెచ్చిన గోలీలు వేసుకుంటుంది. ఈ మధ్య కాళ్లకు కొంచెం వాపు వచ్చింది, ఆకలి తగ్గింది. మందు మార్చలేదు, పెద్దగా పథ్యమూ లేదు, షుగర్ మాత్రం మంచిగా కంట్రోల్ అయింది. ఎప్పుడూ 200 పైన ఉండేది, ఇప్పుడు 80, 75 వస్తోంది. ఫంక్షన్ రోజు స్వీటు, గారెలు తినొచ్చా?
– ఒక పాఠకురాలు, నల్లగొండ జిల్లా

సలహా: అమ్మా, వంటల సంగతి చెబుతాను. కానీ ముందు మీ అత్తమ్మను ఈ రెండు మూడు రోజుల్లోనే డాక్టర్‌కు చూపించండి. ఒడిబియ్యం అయ్యేదాకా ఆగొద్దు.

మీరు శుభవార్తలాగా రాసిన మాటే నన్ను కలవరపెట్టింది. ఎన్నో ఏళ్లుగా 200 పైన ఉన్న షుగర్, మందు మార్చకుండా, తిండిలో పెద్దగా పథ్యం లేకుండా 75కు దిగిందంటే ఎందుకు దిగిందో కనుక్కోవాలి. షుగర్ గోలీల్లో కొన్ని, ముఖ్యంగా గ్లిమిపిరైడ్, గ్లిబెన్‌క్లమైడ్ లాంటివి, ఒంట్లో పని చేశాక కొంత భాగం కిడ్నీల ద్వారా బయటికి పోవాలి. కిడ్నీలు మందగిస్తే మందు పోకుండా ఒంట్లోనే నిలుస్తుంది. మన ఒంట్లో తయారయ్యే ఇన్సులిన్‌ను కూడా కొంతవరకు ఖాళీ చేసేది కిడ్నీలే. అందుకే వేసుకునేది అదే గోలీ అయినా ప్రభావం పెరుగుతుంది. దానికి తోడు ఆమెకు ఆకలి లేదు, తినేది తగ్గింది. కాళ్ల వాపు, ఆకలి లేకపోవడం, షుగర్ దానంతటదే తగ్గడం, ఈ మూడూ ఒకే మనిషిలో కనబడితే మేము ముందుగా కిడ్నీలనే అనుమానిస్తాం. మనిషిని చూడకుండా, పరీక్షలు లేకుండా ఇదే జబ్బు అని నేను చెప్పలేను. గుండె వల్ల, రక్తహీనత వల్ల, కొన్ని బీపీ గోలీల వల్ల కూడా కాళ్లు వాస్తాయి. కానీ అనుమానం బలంగానే ఉంది.

దసరా నాడు జరిగినదాన్ని దీనికి కలిపి చూడండి. నాలుగు రోజులు విరేచనాలైతే ఒంట్లో నీళ్లు తగ్గుతాయి, కిడ్నీలకు చేరే రక్తం తగ్గుతుంది. ఆ సమయంలో టెల్మిసార్టాన్, లోసార్టాన్, రామిప్రిల్ రకం బీపీ గోలీ మామూలుగా వేసుకుంటూ ఉంటే కిడ్నీ మీద ఇంకా భారం పడుతుంది. ఆ బీపీ గోలీలో మూత్రం ఎక్కువ పోయించే మందు కలిసి ఉంటే మరీ ఇబ్బంది. చాలా బ్రాండ్లలో పేరు పక్కన ‘హెచ్’ అనే అక్షరం ఉండేది అందుకే, ఒకసారి స్ట్రిప్ తిప్పి చూడండి. ఇవన్నీ చాలవన్నట్టు నొప్పి గోలీ. నీళ్లు తగ్గిన ఒంట్లో బీపీ గోలీ, నీరు పోయించే మందు, నొప్పి గోలీ ఈ మూడూ కలిస్తే రోజుల వ్యవధిలోనే కిడ్నీలు దెబ్బతినవచ్చు. తొందరగా పట్టుకుంటే చాలామందిలో మళ్లీ కోలుకుంటాయి. ఆలస్యమైతే ఆ అవకాశం తగ్గిపోతుంది.

నొప్పి గోలీల గురించి ఇంకొంచెం చెప్పాలి. మీ జిల్లాలోని మర్రిగూడ, నాంపల్లి, చింతపల్లి వైపు నుంచి వచ్చే పెద్దవాళ్లలో నడుము, మోకాళ్ల నొప్పి లేనివాళ్లు అరుదు. ఏళ్ల తరబడి ఫ్లోరైడ్ బోరు నీళ్లు తాగిన తరం అది. నొప్పి అబద్ధం కాదు, పొలం పని మానుకునే వీలూ లేదు. అందుకే మెడికల్ షాపుకు పోయి ‘కీళ్ల నొప్పులకు ఇవ్వు’ అంటారు. అతను కత్తెరతో స్ట్రిప్ ముక్క కత్తిరించి, ఒక గ్యాస్ గోలీ కలిపి, చిన్న కవర్లో వేసిస్తాడు. మా దగ్గరికి వచ్చినప్పుడు ఏం వేసుకుంటున్నావమ్మా అని అడిగితే ‘తెల్లది ఒకటి, పసుపుది ఒకటి’ అంటారు. కత్తిరించిన ముక్క మీద మందు పేరూ ఉండదు, ఎక్స్‌పైరీ తేదీ ఉండదు. అవి చాలావరకు డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్ లాంటివే. నాలుగు రోజులకని ఇచ్చింది నాలుగేళ్లు వాడేవాళ్లున్నారు. గ్యాస్ గోలీ కలిపినంత మాత్రాన కిడ్నీకి రక్షణ రాదమ్మా, అది కడుపు కోసమే.

ఆ నొప్పి గోలీలు ఈ రోజే ఆపేయండి. నొప్పి మరీ ఎక్కువైతే డాక్టర్ చూసేదాకా పారాసిటమాల్ 500 మిల్లీగ్రాములది వాడొచ్చు, రోజుకు మూడు మించకుండా. లివర్ జబ్బు ఉంటే అదీ అడగకుండా వద్దు. నాటు మందు పొడులు, నల్ల ఉండలు ఏవైనా వాడుతుంటే అవీ ఆపండి. కొన్నింట్లో స్టెరాయిడ్లు, సీసం లాంటి లోహాలు దొరుకుతున్నాయి. ఒకవేళ నెలల తరబడి వాడి ఉంటే మాత్రం ఆ సంగతి డాక్టర్‌కు చెప్పి, అడిగాకే ఆపండి, ఎందుకంటే స్టెరాయిడ్‌ను ఉన్నట్టుండి ఆపినా ఇబ్బంది వస్తుంది. బీపీ గోలీలు మాత్రం మీ అంతట మీరు ఆపొద్దు. షుగర్ గోలీల సంగతి ఆమెకు రాసిన డాక్టర్‌ను ఈ రోజే ఫోన్ చేసైనా అడగండి. 75 వస్తున్న మనిషికి పాత డోసు అట్లాగే కొనసాగించడం నాకు సరిగా అనిపించడం లేదు. మెట్‌ఫార్మిన్ అనే షుగర్ గోలీ ఉంటే, కిడ్నీ రిపోర్టు చూశాక అదీ తగ్గించాలో ఆపాలో వాళ్లే నిర్ణయిస్తారు.

ఈలోపు రాత్రి పూట, తెల్లవారుజామున జాగ్రత్త. చెమటలు పట్టడం, చేతులు వణకడం, గుండె దడ, మాట తికమకపడటం, పిలిస్తే సరిగా పలకకపోవడం కనబడితే షుగర్ చూడండి. 70 కన్నా తక్కువ వస్తే, మింగగలిగే స్థితిలో ఉంటే మూడు టీస్పూన్ల చక్కెర నీళ్లలో కలిపి తాగించండి. పావుగంట తర్వాత మళ్లీ చూడండి. పెరిగాక ఏదైనా తినిపించి, ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఈ షుగర్ గోలీల వల్ల పడిపోయిన షుగర్ కొన్ని గంటల తర్వాత మళ్లీ పడిపోవచ్చు, కాబట్టి లేచి కూర్చుందని ఇంట్లోనే ఉంచొద్దు. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకండి, 108కి ఫోన్ చేయండి. మూత్రం బాగా తగ్గినా, పడుకుంటే ఆయాసం వచ్చినా, వాంతులు ఆగకపోయినా అదే రోజు వెళ్లాలి.

చేయించాల్సిన పరీక్షలు పెద్దవి కావు. రక్తంలో కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్, యూరియా, ఇంకా పొటాషియం, హిమోగ్లోబిన్, మూత్రంలో ఆల్బుమిన్ అనే ప్రోటీన్. ప్రభుత్వ ఆసుపత్రిలో అడగండి, తెలంగాణ డయాగ్నస్టిక్స్ ద్వారా ఉచితంగానే చేస్తారు. దేవరకొండలో కాకపోతే నల్లగొండ ప్రభుత్వ జనరల్ ఆసుపత్రి ఉంది.

ఇక మీ వంటల సంగతి.

మొదటి మాట, ముందు రోజే చేసిపెట్టుకునేవి అన్నారు. దసరా నాటి పెరుగు గారెలు కూడా ముందు రాత్రి నానబెట్టినవే అయి ఉంటాయని నా అనుమానం. నీళ్లు, పెరుగు, పప్పు, కొబ్బరి ఉన్నది ఏదైనా బయట రెండు గంటలకు మించి ఉండకూడదు. ఎండాకాలం మన దగ్గరి వేడికి గంటే. ఫ్రిజ్ లేని చోట పెరుగు గారెలు, కొబ్బరి చట్నీ తినే ముందు చేయాల్సినవే. ‘మళ్లీ వేడి చేసుకుంటే ఏం కాదు’ అని చాలామంది నమ్ముతారు. కొన్ని సూక్ష్మజీవులు వదిలిన విషం మరిగించినా పోదు. అన్నంలో పుట్టే బాసిల్లస్ సెరియస్, చేతి పుండ్ల నుంచి వచ్చే స్టెఫైలోకోకస్ అట్లాంటివి. అందుకే చేతికి పుండు గానీ, తెగిన గాయం గానీ ఉన్నవాళ్లకు పిండి కలిపే పని అప్పజెప్పొద్దు, ఎంత దగ్గరి చుట్టమైనా సరే.

పెద్ద గంజులో వండిన అన్నం, కూర మూత పెట్టి వదిలేస్తే పైన చల్లగా అనిపించినా నడుమ గంటల తరబడి గోరువెచ్చగానే ఉంటుంది. సూక్ష్మజీవులు పెరగడానికి అంతకన్నా అనువైన చోటు ఉండదు. మిగిలింది దాచుకోవాలంటే వెడల్పు తాంబాళాల్లో పలచగా పరిచి, ఆవిరి పోగానే ఫ్రిజ్‌లో పెట్టండి. రాత్రి దాకా బయటే ఉన్నదాన్ని పశువులకు వేయండి గానీ పిల్లలకు పెట్టకండి.

ముందే చేసిపెట్టుకోవాలంటే తడి లేనివి ఎంచుకోండి. మురుకులు, సకినాలు వారం ముందు చేసినా పాడవవు. ఉప్పు మాత్రం చూసి వేయండి. ఆ రోజు పొద్దున తేలికగా అయ్యేవి గుడాలు. బొబ్బర్లు ఆరు గంటలు నానబెట్టి, కుక్కర్లో ఉడికించి, నీళ్లు వంపేసి, జీలకర్ర, పచ్చిమిర్చి, కరివేపాకు తాలింపు వేసి, దించాక ఉల్లిగడ్డ ముక్కలు, నిమ్మరసం కలిపితే అయిపోయింది. అరవై మందికైనా ఒక మనిషి చేయగలిగే పని. పీచు, ప్రోటీన్ ఉంటాయి కాబట్టి షుగర్ ఉన్నవాళ్లకు బజ్జీల కన్నా ఎన్నో రెట్లు నయం. మెత్తగా ఉడకాలని సోడా వేయకండి, అందులోనూ సోడియమే. బీపీ ఉన్నవాళ్లు ఉప్పు తగ్గించి సోడా తింటే లాభమేముంది?

సర్వపిండి మంచిదే. పల్లీలు, నువ్వులు, శెనగపప్పు పడతాయి, నూనె కూడా గారెలంత పీల్చదు. కానీ అది బియ్యప్పిండే అని మరిచిపోవద్దు. షుగర్ ఉన్నవాళ్లు పావు ముక్క తిని, అన్నంలో అంత తగ్గించుకోవాలి. సగం జొన్నపిండి కలిపి చేస్తే రుచి మారుతుంది గానీ చెడదు. పచ్చిపులుసు పెడతారు కదా, దాన్ని మనం మరగబెట్టం. కాబట్టి చింతపండు నానబెట్టే నీళ్లు, కలిపే నీళ్లు కాచి చల్లార్చినవే కావాలి. బిందెలో నీళ్లు నేరుగా పోసేస్తే మిగతా వంటలన్నీ ఎంత శుభ్రంగా చేసినా వృథానే. కీరా, క్యారెట్ ముక్కలు కూడా మంచి నీళ్లతో కడిగి, వడ్డించే ముందే కోయండి.

పల్లీలు మీ వైపు, పాలమూరు వైపు బాగా పండుతాయి. ఉడకబెట్టి ఉప్పు తక్కువేసి పెడితే మంచి చిరుతిండి. ముడుచుకుపోయినవి, బూజు రంగు ఉన్నవి ఏరి పారేయండి, వాటిలో అఫ్లాటాక్సిన్ అనే విషం ఉండొచ్చు. ఐదేళ్ల లోపు పిల్లల చేతికి పల్లీ గింజలు అస్సలు ఇవ్వొద్దు. ఫంక్షన్ హడావుడిలో పరుగెత్తుతూ నోట్లో వేసుకుంటే ఊపిరి గొట్టంలోకి పోతుంది. పిల్లల కోసం శాండ్‌విచ్‌లు చేస్తే పచ్చి గుడ్డుతో చేసిన మయోనైజ్ వాడకండి. తెలంగాణ ప్రభుత్వం 2024 అక్టోబర్‌లో దాన్ని ఏడాదిపాటు నిషేధించింది ఊరికే కాదు. కార్జం, చికెన్ వేపుడు నడుమ కోస్తే లోపల ఎరుపు కనబడకూడదు.

ఎవరికైనా మళ్లీ విరేచనాలు మొదలైతే లీటర్ నీళ్లకు లెక్క ఉన్న ఓఆర్‌ఎస్ ప్యాకెట్‌ను సరిగ్గా లీటర్ కాచి చల్లార్చిన నీళ్లలో కలిపి కొంచెం కొంచెంగా తాగించండి. షుగర్ ఉన్నవాళ్లకూ ఇవ్వొచ్చు. షాపులో దొరికే తియ్యని పండ్ల రసం డబ్బాలు దానికి బదులు కావు. విరేచనాలు కట్టేసే గోలీ, యాంటీబయాటిక్ మీ అంతట మీరు కొనుక్కురావొద్దు. షుగర్, బీపీ గోలీలు వాడేవాళ్లకు విరేచనాలైతే ఆ రోజుల్లో ఏ గోలీ ఆపాలో డాక్టర్‌ను అడిగి ముందే కాగితం మీద రాయించుకోండి.

మీ అత్తమ్మ విషయంలో ఇంకో రెండు జాగ్రత్తలు. నీరసంగా ఉందని కొబ్బరి నీళ్లు పట్టకండి. కిడ్నీలు సరిగా లేకపోతే అందులోని పొటాషియం ఒంట్లో పేరుకుని గుండె లయనే దెబ్బతీస్తుంది. బీపీకి మంచిదని అమ్మే తక్కువ సోడియం ఉప్పులోనూ పొటాషియమే ఉంటుంది, రిపోర్టు వచ్చేదాకా అదీ వద్దు. పచ్చళ్లు, అప్పడాలు పక్కన పెట్టండి. ఆమె ఫంక్షన్ నాడు ఏం తినొచ్చో, ఎంత తినొచ్చో క్రియాటినిన్, పొటాషియం చూసిన డాక్టర్ చెబుతారు. ఆ రెండూ తెలియకుండా నేను తినమనలేను.

వెళ్లేటప్పుడు ఆమె వాడే గోలీలన్నీ, ఆ కత్తిరించిన ముక్కలతో సహా, ఒక సంచిలో వేసి తీసుకెళ్లండి. షుగర్ రాసుకున్న కాగితాలూ పెట్టుకోండి. పైన చెప్పిన పరీక్షలకు పరగడుపు అవసరం లేదు, కాబట్టి ఆమెను తినిపించే తీసుకెళ్లండి. షుగర్ గోలీ వేసి ఖాళీ కడుపుతో బస్సెక్కించొద్దు.