ఓరగా చూసిన కమీషన్ వ్యాపారి

గుంటూరు

అమ్మాయ్,

ఆశీస్సులు. నువ్వు పంపిన కథ చదివాను. మిర్చి యార్డు ఘాటు బాగానే పట్టావు. కానీ మూడో పేజీ దగ్గర ఆగిపోయాను. ముసలి రైతు తన టిక్కీ, అదే మిర్చి బస్తా, విప్పగానే కమీషన్ వ్యాపారి 'ఓరగా చూశాడు' అన్నావు. ఓరచూపు అనగానే తెలుగు పాఠకుడికి వలపు గుర్తొస్తుందమ్మా! ఆ రైతును ఆయన అలా ఎందుకు చూస్తాడు?

ఆ మాట ఎక్కడిదో నీ ఉత్తరంలోనే ఉంది. ఇంగ్లీషు కథల్లో 'అస్కాన్స్' (askance) అనే మాట నీకు నచ్చింది. అందులో పక్కచూపూ ఉంది, అపనమ్మకమూ ఉంది. ఎక్కువగా 'లుక్' క్రియను అంటుకునే వస్తుంది. నువ్వు పక్కచూపు పట్టుకుని అపనమ్మకాన్ని వదిలేశావు. అలాగని 'అనుమానంగా' అని దిద్దకు. ఆయన మనసులో సంగతి నువ్వే చెప్పేస్తే పాఠకుడికి పనేముంది? మనకు 'ఎగాదిగా చూడటం' ఉంది. అదీ చాలదనిపిస్తే చేతులు చూపించు. మచ్చుకు గుప్పెడు కాయలు తీశాడు. చెవి దగ్గర ఆడించాడు. గింజ గలగలమనలేదు, తేమ ఉందన్నమాట. రంగు పోయిన తాలుకాయ ఒకటి ఏరి రైతు ముందు పడేశాడు. ఇంక క్రియావిశేషణం దేనికి?

'భావం తెలియడం లేదు, కాస్త స్పష్టం చెయ్యండి' అని కథలు తిప్పి పంపే సంపాదకుల మాట వినకు. ఇవాళ ప్రతి కథలోనూ అందరూ 'నిర్లిప్తంగా' చూడ్డానికీ 'అభావంగా' నవ్వడానికీ సగం కారణం వాళ్లే.

రాతప్రతిలో 'గా'తో ముగిసే ప్రతి మాట కిందా గీత గియ్యి. క్రియలో ఉన్నదాన్నే మళ్లీ చెప్పేదైతే కొట్టెయ్యి: 'మెల్లగా గుసగుసలాడింది'. గుసగుస ఎప్పుడూ మెల్లగానే కదా. క్రియను మార్చేదైతే ఉంచు. 'పొడిపొడిగా మాట్లాడాడు'లో 'పొడిపొడిగా' తీస్తే ఆ మాటతీరే పోతుంది. ఉంచినదాన్ని క్రియ పక్కనే కూర్చోబెట్టు. 'కోపంగా రైతు విప్పిన టిక్కీని వ్యాపారి తోసేశాడు' అని రాశావు. కోపం రైతుదా, వ్యాపారిదా?

ధ్వని మాటలతో ఇంకా జాగ్రత్త. 'టక్కున చెప్పాడు' అంటే తడుముకోకుండా, 'టకటకా చెప్పాడు' అంటే ఒకదాని వెంట ఒకటి. మీ వ్యాపారి చెప్పింది ఒక్కటే ధర. దాన్ని టకటకా ఎలా చెబుతాడు? చటుక్కున, గబుక్కున, తటాలున ఒక్కసారి జరిగే పనికి. గబగబా, చకచకా సాగే పనికి. ఈ తేడా పల్నాటి రైతు నోట ఎప్పుడూ తప్పదు, కథల్లోనే తప్పుతోంది.

పోటీకి పంపాలా, కలంపేరు పెట్టుకోవాలా అని నువ్వడిగినవి తర్వాత. ముందు ఆ యార్డు సీను తిరగరాసి పంపు.