మొగలో గాలం వేయబోయే మేనల్లుడికి

చిరంజీవి అల్లుడికి ఆశీస్సులు.

అంతర్వేది దగ్గర వశిష్ఠ గోదావరి సముద్రంలో కలిసే మొగలో గాలం వేటకు క్లబ్బు పెడుతున్నామని, ప్రతి ఆదివారం ఉదయం ఆరింటికి పడవ కదలాలన్నది మొదటి నియమమని రాశావు. ముందు ఆ నియమం కొట్టెయ్యి. పోటు, అంటే సముద్రపు నీరు ఎక్కే వేళ, రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. ఈ ఆదివారం ఆరింటికి నిండు పోటు ఉంటే, వచ్చే ఆదివారం అదే వేళకు నీరు బాగా తీసి ఉంటుంది. ఏ రాడ్లు కొనాలని అడిగావు కానీ, ముందు తిథులున్న క్యాలెండరు కొను. అమావాస్య, పౌర్ణమి దగ్గర నీటి లాగుడికి మీ సన్నదారం, చిన్న సీసపు గుండు నిలవవు. అష్టమి ముందువెనకల నీరు నెమ్మదిస్తుంది. మీ సరుకుకు ఆ రోజులే అనువు.

పండుగప్ప తొందరపడే చేప కాదు. పాటు, అంటే నీరు తీయడం, మొదలై మడ చెట్ల పాయల్లోంచి రొయ్య, చిన్న చేప బయటికి కొట్టుకొచ్చేటప్పుడు పాయ నోట్లో కాచుకుని ఉంటుంది. గాలం అక్కడ వెయ్యండి. దాని మొప్పల మీది రేకు కత్తి అంచు. దారం చివర మూరెడు మందపాటి నైలాన్ కట్టకపోతే తెంపుకుని పోతుంది. మొదటి ఏడాది నాకు దక్కినవాటికన్నా తెంపుకుపోయినవే ఎక్కువ.

చిక్కంతా ఏమిటంటే, చేప పడే ఆ పాటు వేళే మొగ చెడ్డది. కిందికి దిగే నీటికి సముద్రపు గాలి ఎదురైతే అలలు నిట్టనిలువుగా లేస్తాయి. ఒకసారి నది సముద్రంలో కలిసే అన్నాచెల్లెళ్ల గట్టు వైపు ఇంకొంచెం పోదామని పడవ నడిపే సరంగును నేనే బలవంతపెట్టాను. సగం పడవ నీళ్లతో వెనక్కి వచ్చాం. ఆ రోజు అతను నన్ను ఒక్క మాట అనలేదు, అదే ఎక్కువ బాధించింది. సరంగు వద్దంటే ఆ రోజుకు వేట లేదు. సభ్యత్వ పత్రంలో ఈ మాట రాయించు. లైఫ్ జాకెట్లు ఒంటి మీద ఉండాలి, బల్ల కింద కాదు.

జెల్ల చేప పడితే చేత్తో పట్టవద్దు, ముల్లులో విషం ఉంటుంది. గుచ్చుకుంటే ఓర్చుకోగలిగినంత వేడి నీళ్లలో చెయ్యి పెట్టి, ఆపైన ఆసుపత్రికి.

పెద్ద పండుగప్పను ఫొటో తీసుకుని వదిలెయ్యండి. ఈ చేప చిన్నప్పుడు మగది, పెరిగాక ఆడదవుతుంది. బాగా పెద్దదాన్ని చంపితే గుడ్లు పెట్టే తల్లిని చంపినట్టే. కూరకు మధ్యరకమే రుచి, మీ అత్తను అడుగు. పులస కోసం మాత్రం గాలం పట్టుకు కూర్చోకండి, అది వలకు పడే చేప.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు సముద్రంలో ఇంజను పడవల వేటకు నిషేధం. ఆ రెండు నెలలూ మొగ దాటే ఆలోచన వద్దు.

వచ్చే అష్టమికి నేనూ వస్తాను. మోకాళ్లు సహకరించడం లేదు, పడవలో ఆనుకునే చోటు ఒకటి ఉంచు.

మీ మామయ్య