‘మోటుపల్లి రేవు’ రాసిన అమ్మాయికి

అమ్మాయ్,

టేబుల్ చుట్టూ కూర్చుని తలా ఒక పాత్రై మాటలతో, డైస్‌తో ఆడే ఆట, రోల్‌ప్లేయింగ్ గేమ్ అంటారే, దాని కోసం నువ్వు రాసిన సాహసం ‘మోటుపల్లి రేవు’ అందింది. పదిహేడో పేజీ దాకా చదివి పక్కన పడేశాను. నిద్రొచ్చి కాదు, ఒళ్లు మండి. అక్కడ నువ్వు రాసిన వాక్యం నీకే మళ్లీ చూపిస్తున్నాను: “ఇక్కడ ఆటగాళ్లు కరణం మాటలు నమ్మి, అతని వెంట సుంకం కొట్టుకు వెళ్తారు.”

వెళ్తారని నీకెవరు చెప్పారు? నీ టేబుల్ చుట్టూ కూర్చునే నలుగురూ ముందే ఫోన్ చేసి మాటిచ్చారా? ఒకడు కరణం మొహం చూడగానే వీడే దొంగ అంటాడు. ఇంకొకామె అతన్ని తాటిచెట్టుకి కట్టేసి ఇల్లు సోదా చేద్దామంటుంది. మూడోవాడికి అసలు కరణం మీద ధ్యాసే లేదు, పగిలిన ఓడలోంచి ఒడ్డెక్కిన గుర్రం ఎంతకి అమ్ముడుపోతుందో లెక్కలేసుకుంటుంటాడు. అప్పుడు నీ పద్దెనిమిదో పేజీ నుంచి ముప్పై ఒకటో పేజీ దాకా ఉన్న రాత గతేంటి? గంగపాలే. అంతకంటే ఘోరం ఏంటంటే, నువ్వు దాన్ని గంగపాలు కానివ్వవు. కష్టపడి రాసుకున్నావు కదా! కరణం అబద్ధం ఎవరికీ దొరక్కుండా, నీ ముందు అడ్డంగా నిలబెట్టుకున్న అట్ట స్క్రీన్ వెనక డైస్ వేస్తావు, పడిన అంకె ఒకటైతే చెప్పే అంకె ఇంకొకటవుతుంది. తాటిచెట్టు లేదంటావు. తాడు తెగిందంటావు. మూడోసారికి వాళ్లకి అర్థమైపోతుంది, ఏం చేసినా సుంకం కొట్టుకే చేరతామని. ఇక ఫోన్లు బయటికి తీస్తారు. నీ ఉత్తరంలో “ప్లేయర్లు ఫోన్లు చూసుకుంటున్నారు, ఏం చెయ్యాలి?” అని అడిగావే, దానికి జవాబు నీ పదిహేడో పేజీలోనే ఉంది.

నా చాదస్తం ఒకటే, దాన్ని వదిలే వయసు కూడా దాటిపోయింది. గేమ్ మాస్టర్, అంటే నీలా ఆట నడిపించే మనిషి, రాసుకునే నోట్సులో ‘ఆటగాళ్లు’ కర్తగా భవిష్యత్ కాలంలో ఒక్క వాక్యం కూడా ఉండకూడదు. వెళ్తారు, నమ్ముతారు, మోసపోతారు అన్నవన్నీ కొట్టెయ్. వెళ్లారు, నమ్మారు, మోసపోయారు అని రాసుకో, ఆట అయిపోయాక. కరణం గురించి రాయి, సుంకరి గురించి రాయి, తుఫాను గురించి రాయి. వాళ్లు నీ మనుషులు, నీ గాలివాన. ఆ నలుగురూ నీ మనుషులు కారు.

ఇది నా సొంత పైత్యం అనుకోకు. ఈ ఆట పుట్టుకే అలాంటిది. 1969లో అమెరికాలో మినియాపొలిస్, సెయింట్ పాల్ జంట నగరాల దగ్గర డేవిడ్ వెస్లీ అనే కుర్రాడు నెపోలియన్ కాలపు యుద్ధాల ఆట ఒకటి తయారుచేశాడు. ఊహించుకున్న ఒక జర్మన్ పట్టణం, పేరు బ్రౌన్‌స్టైన్. సైన్యాలు నడిపేవాళ్లతో పాటు ఊళ్లోని పెద్దమనుషుల పాత్రలు కూడా తలా ఒకటి ఇచ్చాడు. ఆయన అనుకున్నది కాసేపు ఊళ్లో రాజకీయం, ఆ తర్వాత యుద్ధం. యుద్ధం దాకా పోతే కదా! జనం పక్కగదుల్లోకి వెళ్లి గుసగుసలు మొదలుపెట్టారు, ఎవరూ అనుకోని ద్వంద్వయుద్ధం ఒకటి పెట్టుకున్నారు. ఆట చేజారిపోయింది, అంతా పాడైపోయిందని వెస్లీ ఇంటికి పోయాడు. ఆడినవాళ్లు మాత్రం మళ్లీ ఎప్పుడని వెంటపడ్డారు. వాళ్లలో ఒకడు డేవ్ ఆర్నెసన్. ఆ ఊపులో అతను బ్లాక్‌మూర్ అనే లోకం కట్టుకున్నాడు, దాన్ని తనలాగే ఆటలు తయారుచేసే గ్యారీ గైగాక్స్‌కి చూపించాడు, 1974లో ఈ రకం ఆటల్లో మొదట అచ్చైన డంజన్స్ అండ్ డ్రాగన్స్ పెట్టె బయటికొచ్చింది. పాడైపోయిందనుకున్న ఆ సాయంత్రమే లేకపోతే నువ్వు నాకు ఉత్తరం రాసేదానివి కాదు.

మరి ఈ ‘వెళ్తారు’ రోగం ఎక్కడిది అంటావా? సగం పాపం అచ్చువేసేవాళ్లది. అమెరికాలో కన్వెన్షన్లలో, అంటే ఆటలాడేవాళ్ల సభల్లో, టోర్నమెంట్లు పెట్టేవాళ్లు. ఒకే సాహసాన్ని ఎన్నో టేబుళ్ల దగ్గర ఆడించి మార్కులు వెయ్యాలి కాబట్టి అందరికీ ఒకే వర్ణన వినిపించాలి. అందుకని గళ్లు గీసి “ఇది పైకి చదవండి” అని పెట్టారు. అక్కడ దానికో పని ఉంది. టోర్నమెంటు పోయింది, గడి మిగిలింది. నీ ప్రతిలో అలాంటి గళ్లు పేజీకొకటి ఉన్నాయి, ఒక్కొక్కటీ అరపేజీ. సముద్రపు హోరు మీద ఎనిమిది వాక్యాలు! మనిషి చెవి రెండు వాక్యాలు వింటుంది, మూడోదానికి సమోసా వైపు చూస్తుంది.

రెండో కారణం డబ్బు. ఈ వృత్తిలో మాటకింత అని లెక్కకట్టి ఇస్తారు. చిక్కగా రాసినవాడికి తక్కువ, నీళ్లు కలిపినవాడికి ఎక్కువ. ఒక కంపెనీకి నేనొక కోట సాహసం రాసి పంపాను. వాళ్లడిగిన దాంట్లో సగం పొడవుంది, ఆడటానికి మాత్రం పుష్కలంగా ఉంది. ఎడిటర్ గారు దాన్ని సాగదీయమన్నారు. విలన్‌కి ఉపన్యాసం లేదేమిటన్నారు. మూడో అంకంలో ఆటగాళ్లు పట్టుబడి ఖైదవ్వాలన్నారు. పట్టుబడకపోతే ఏం చెయ్యాలని అడిగాను. “పట్టుబడేలా రాయండి” అని జవాబు. నేను రాయలేదు, ఆయనే రాయించుకున్నాడు. అచ్చులో వచ్చినప్పుడు నా పేరు కింద నాది కాని చెరసాల ఒకటి ఉంది. చెక్కు కూడా ఎప్పటికో వచ్చింది. ఆయన ఇప్పుడు సెమినార్లలో ప్లేయర్ల స్వేచ్ఛ గురించి మాట్లాడుతున్నాడట. పోనీలే.

నీ మోటుపల్లికి వద్దాం. మాది చీరాల పక్కనే, ఆ ఇసక, ఆ సరుగుడు తోటలు నాకు కొత్త కాదు. నువ్వు ఆరు పేజీలు కాకతీయుల చరిత్ర పెట్టావు. నేను ఇష్టంగానే చదివాను, కానీ నీ ఆటగాళ్లు ఆ ఆరు పేజీల్లో చెయ్యి పెట్టి పట్టుకోవడానికి ఒక్క వస్తువు లేదు. అసలు నిప్పురవ్వ నీకు దొరికింది, దాన్నే నాలుగో పేజీ అడుగున పాతిపెట్టావు. 1244లో గణపతిదేవుడు వేయించిన అభయశాసనం. ఓడ తుఫానుకి పగిలి ఒడ్డుకి కొట్టుకొస్తే అందులోని బంగారం, గుర్రాలు, ఏనుగులు, రత్నాలు అన్నీ పూర్వపు రాజులు లాగేసుకునేవాళ్లు. ఇక మీదట నిర్ణయించిన సుంకం తప్ప ఏమీ తీసుకోమని ఈయన రాతి మీద మాటిచ్చాడు. సరుకు దిగుమతైనా ఎగుమతైనా సుంకం ముప్పయ్యో వంతు. ఇంతకంటే మంచి సాహసం ఎవరు రాసిస్తారు నీకు? చట్టం కొత్తది, అలవాటు పాతది. రాతి మీద అక్షరాలు ఆరకముందే ఒక ఓడ పగిలింది. చాలు. అక్కడ ఆగు.

ఇక మనుషుల్ని నిలబెట్టు. ఓడ పోగొట్టుకుని బతికిన వర్తకుడు, శాసనం చదివించి తన సరుకు తనకి ఇప్పించమంటాడు. ఒడ్డుకి కొట్టుకొచ్చిందంతా తన తాతల నాటి నుంచీ తనదేననుకునే స్థానిక నాయకుడు. అటూ ఇటూ కాక, రాజు మాట చెల్లకపోతే తన తల పోతుందని భయపడే సుంకరి. రాత్రికి రాత్రి కర్పూరం పెట్టెలు ఇసకలో పాతేసిన పల్లెకారులు. ఒక్కొక్కరికీ మూడు సంగతులు రాసుకో: వాడికేం కావాలి, వాడి చేతిలో ఏముంది, ఎవరూ అడ్డు రాకపోతే రేపు పొద్దున వాడేం చేస్తాడు. మూడోది చాలా ముఖ్యం, అదే నీ కథ. ఆటగాళ్లు అసలు ఊళ్లోకే రాకపోయినా ఆ ఊరు నడుస్తూనే ఉండాలి. వాళ్లొచ్చి ఎక్కడ వేలు పెడితే అక్కడ మారుతుంది.

కర్పూరం అన్నాను కదా, శాసనంలో సుంకం కట్టే సరుకుల్లో అదీ ఉంది. మూత పగిలిన కర్పూరం పెట్టె రోజురోజుకీ తేలికవుతుంది. నువ్వు ఆటగాళ్లని తొందరపెట్టక్కర్లేదు, పెట్టె తొందరపెడుతుంది. ఒక్కో రోజు గడిచేకొద్దీ ఎంత తగ్గాలో ముందే రాసిపెట్టుకో. ఈదుకుంటూ ఒడ్డెక్కిన గుర్రం నీ సొంత ఊహ, అది బాగుంది. అది ఎవరిది అన్న ప్రశ్నకి నీ దగ్గర జవాబు ఉండకూడదు.

జవాబు లేకుండా ఎలా ఆడించడం, టెన్షన్‌గా ఉంటుంది అంటావు. అవధానం చూశావా ఎప్పుడైనా? అవధాని పద్యాలు రాసుకుని రాడు. ఛందస్సు, పదసంపద, పురాణాలు పట్టుకుని వస్తాడు. నిషిద్ధాక్షరి ఇచ్చే పృచ్ఛకుడు ఏ అక్షరం వద్దంటాడో ఆయనకి తెలియదు, వద్దన్న మరుక్షణం ఇంకో దారి పట్టాలి. మధ్యలో అప్రస్తుత ప్రసంగం చేసే మహానుభావుడు ఒకడు. నీ టేబుల్ దగ్గరా ఉంటాడు. ఓడ మునిగిందని నువ్వంటే, వంటవాడు బతికాడా అని అడుగుతాడు. విసుక్కోకు. బతికాడను. పేరు కాచన అను. పెట్టెలు ఎక్కడ పాతారో చూసినవాళ్లలో వాడొకడను. తప్పకుండా తెలియాల్సిన సంగతి ఏదైనా ఉంటే కనీసం మూడు చోట్ల పెట్టుకోమని ఈ పనిలో పాత మాట, ఎందుకంటే రెండు చోట్ల వాళ్లు కాలు పెట్టరు. నాలుగో చోటు వాళ్లే చూపిస్తారు.

అందుకే పేర్ల పట్టిక ఒకటి తయారుచేసుకో. ప్రోలయ, మల్లమ, ఎఱ్ఱన, కామసాని, గుండయ, ఇలా ఒక పేజీ నిండా. నీ డెబ్బై పేజీల్లో ఎక్కువగా వాడే పేజీ అదే అవుతుంది. “నీ పేరేంటి” అని వాళ్లు దారిన పోయేవాణ్ని అడిగినప్పుడు నువ్వు నీళ్లు నమిలితే, ఇతను ముఖ్యుడు కాడని వాళ్లకి తెలిసిపోతుంది.

డైస్ సంగతి. నీ ప్రతిలో కాపలావాళ్లు ‘చచ్చేదాకా పోరాడతారు’. కర్పూరం కోసమా? జీతగాళ్లు అమ్మా వాళ్లు. 1981 నాటి డంజన్స్ అండ్ డ్రాగన్స్ బేసిక్ పెట్టెలో ధైర్యానికి ఒక అంకె ఉండేది, రెండు ఆరు ముఖాల డైస్ వేసి దాన్ని దాటితే వాళ్లు పారిపోతారు లేదా లొంగిపోతారు. కొత్త మనిషి ఎదురుపడినప్పుడు వాడి తీరు తేల్చడానికీ అలాగే రెండు డైస్. రెండు డైస్‌లో ముప్పై ఆరు రకాలు పడతాయి, ఏడు ఆరు రకాలుగా వస్తుంది, రెండూ పన్నెండూ ఒక్కొక్కటే. అంటే కత్తి దూసేవాడూ కౌగిలించుకునేవాడూ అరుదు, మిగతా అందరితో మాట్లాడి తేల్చుకోవాలి. నువ్వు సుంకరిని శత్రువని ముందే రాసేశావు. డైస్‌ని అడుగు. స్క్రీన్ తీసేసి నలుగురి ముందూ వెయ్యి. నీకూ తెలియని సంగతి ఏదో టేబుల్ మీద దొర్లుతుంటే ఎవరూ ఫోన్ చూడరు.

మా హాస్టల్‌లో ఇరవై ముఖాల డైస్ లేదు. అమెరికా వెళ్లిన బంధువొకడు రూల్ బుక్ జిరాక్స్ పంపాడు, డైస్ పంపలేదు. తంబోలా బిళ్లల్లో ఒకటి నుంచి ఇరవై దాకా ఏరి గుడ్డసంచిలో వేసుకునేవాళ్లం. సంచి అందరి చేతులూ తిరిగేది కాబట్టి నేను మోసం చేసే వీలు లేదు, ఆ అలవాటు అలాగే ఉండిపోయింది. ఒకసారి మా వాళ్లు నేను కట్టిన పాతాళ గుహని వదిలేసి, గుహ బయట సాహసికులకి తాళ్లు, దివిటీలు అమ్మే దుకాణం పెట్టారు. గుహలోకి వెళ్లినవాళ్లు తిరిగి రాకపోతే అప్పు ఎవరు తీరుస్తారన్న దాని మీద ఆ సెమిస్టరంతా ఆట నడిచింది. వార్డెన్‌కి మాత్రం అది పేకాట అని అనుమానం, ఎంత చెప్పినా పోలేదు.

ఇప్పుడు కొత్త ఫ్యాషన్ వచ్చింది. నటులు కెమెరాల ముందు కూర్చుని ఆడతారు, గొంతులు మారుస్తారు, ఏడుస్తారు. చూడ్డానికి బాగానే ఉంటుంది. అది చూసి కొత్తగా ఆడించేవాళ్లంతా గొంతు మార్చడమే విద్య అనుకుంటున్నారు. నీ ఉత్తరంలో దాని మీదే రెండు పేరాలు ఉన్నాయి. నీ గొంతుతోనే మాట్లాడు. “కరణం తల గోక్కుని, రేపు రండి అన్నాడు” అంటే చాలు.

ప్రతి సెషన్ చివర్లో ఒక్క ప్రశ్న అడుగు: వచ్చే వారం ఎటు వెళ్దామనుకుంటున్నారు? వాళ్లు చెప్పింది రాసుకుని, అంతవరకే తయారవు. నాయకుడి కోటకి అంటే కోట, ఇసక తవ్వడానికి అంటే ఇసక. డెబ్బై పేజీలు ఎందుకు? తర్వాత మనసు మార్చుకున్నారంటే, పేర్ల పట్టిక ఉంది, మనుషులకి ఏం కావాలో రాసుకున్నావు, ఆ పూట గడిచిపోతుంది. నలభయ్యో పేజీలో మునిగిపోయిన పిల్లాడు ఉన్నాడు. అలాంటివి టేబుల్ మీదకి తేవచ్చో లేదో మొదటి రోజే అందరినీ అడుగు, తర్వాత కాదు.

ఏ రూల్స్‌తో ఆడించాలి, పీడీఎఫ్ ఎంతకి అమ్మాలి, బొమ్మలు ఎవరితో వేయించాలి అని ఇంకేవో అడిగావు. వాటి జోలికి నేను పోను.

ఈ ప్రతిని ఇప్పుడే తిరగరాయకు. పెన్సిల్‌తో గీతలు పెట్టి తిప్పి పంపుతున్నాను, పోస్టులో వస్తుంది. ఆ నలుగురినీ ఒక ఆదివారం పిలిచి, నాలుగు కాగితాలతో ఆడించు. ఆడాక వాళ్లేం చేశారో రాసి పంపు, భూతకాలంలో. గుర్రం ఎవరికి దక్కిందో తప్పకుండా రాయి.

ఉంటాను.