ఆ రాతికి పెయింట్ వేయనివ్వకండి

మీ ఊరి గుడి పక్కన అక్షరాలున్న రాయి ఉందని, రోడ్డు పనుల్లో పోతుందేమోనని టెన్షన్‌గా ఉందని, ఈలోగా కుర్రాళ్లు దానికి రంగు వేద్దామంటున్నారని రాశారు. రంగు మాత్రం వద్దండీ. ఎనామిల్ ఒక్కసారి గాట్లలోకి దిగితే అక్షరం పూడిపోతుంది. యాసిడ్, ఇనుప బ్రష్షు కూడా వద్దు. మెత్తటి బ్రష్షుతో దుమ్ము దులిపితే చాలు.

ఫొటోలో అక్షరాలు కనపడట్లేదన్నారు. చీకటి పడ్డాక టార్చిలైటు రాతికి దగ్గరగా, పక్కనుంచి ఏటవాలుగా వేసి తీయండి. గాట్లలో నీడ పడి ఒక్కో అక్షరం పైకి లేచినట్టు కనిపిస్తుంది. మా ఊరి రాతి మీద సూర్యచంద్రులు నాకు అలాగే కనిపించారు, ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఆ గుర్తులుంటే చాలావరకు దానశాసనమే. దానం ఆచంద్రార్కం, అంటే సూర్యచంద్రులున్నంత కాలం నిలవాలని అలా చెక్కించేవారు. కత్తి పట్టిన మనిషి బొమ్మ ఉంటే వీరగల్లు, అంటే పోరులో చనిపోయిన వీరుడి గుర్తుగా నిలిపిన రాయి కావచ్చు. చిన్న ఊరి రాయే కదా అనుకోకండి, క్రీ.శ. 575 నాటి రేనాటి చోళ రాజుల తెలుగు శాసనం దొరికింది కడప జిల్లా కలమళ్ల అనే పల్లె గుడిలోనే.

నాలుగు వైపులా ఫొటోలు, కొలతలు, లొకేషన్ కలిపి రాష్ట్ర పురావస్తు శాఖకు, మైసూరులోని భారత పురావస్తు సర్వే శాసన విభాగానికి పంపండి. శాసన నిపుణులు తడి కాగితాన్ని రాతికి అద్ది, బ్రష్షుతో కొట్టి, సిరా పూసి అచ్చు తీసి చదువుతారు. అదే రోజు తహసీల్దారుకు, పంచాయతీకి అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి. ఆ కాపీ రోడ్డు కాంట్రాక్టరు చేతిలో పెట్టండి. రాయిని మాత్రం మీరు కదపకండి.