తంగేడు లేని చోట బతుకమ్మ

బిడ్డా,

మిషిగన్‌ల తంగేడు లేదు, గునుగు లేదు, బతుకమ్మ ఎట్ల పేర్చాలె అని మీ అమ్మ దగ్గర ఏడ్చినవట. ఆ ఊర్లల్ల పందొమ్మిదేండ్లు పేర్చిన దాన్ని, నన్నడగక పోతివి.

ముందుగాల తారీఖు చూసుకో. నిరుడు, 2025ల, మొదటి నాటి ఎంగిలిపూల బతుకమ్మ సెప్టెంబర్ 21కే వచ్చింది. ఈ ఏడు అధిక జ్యేష్ఠం పడ్డది గనక పండగ అక్టోబర్‌లకు పోయింది. 2023ల గూడ అధిక శ్రావణం వచ్చి గిట్లనే అయింది. అప్పటికి అక్కడ చలి ముదురుతది, పూలు కరాబైతయి.

అందుకే ఇప్పుడే రోడ్ల పొంటి చూడు. గోల్డెన్‌రాడ్ అని పసుప్పచ్చగ విరగబూసి ఉంటది. దూరంకెళ్ళి చూస్తె తంగేడే అనుకుంటవు. తుమ్ములొస్తయని భయపెడతరు గని, తుమ్ములు తెచ్చేది అదే కాలంల పూసే రాగ్‌వీడ్. పార్కులల్ల తెంపకు, ఎవలదన్న జాగుంటె అడిగి కొయ్యి. తేనెటీగలు మస్తుంటయి, దులుపుకో. సగం విచ్చినప్పుడే కోసి, కట్టలు కట్టి, గరాజ్‌ల తలకిందులుగ వేలాడదియ్యి. పండగ దాంక రంగు పోదు.

గునుగు అంటవా, నర్సరీలల్ల సెలోషియా అని కుండీలల్ల అమ్ముతరు. మన గునుగు జాతే. ఎర్రది, పసుపుది దొరుకుతది, రంగులద్దే పని లేదు. చామంతులకైతే అక్టోబర్‌ల కరువే లేదు, ప్రతి దుకాణం ముంగట కుప్పలే.

మొదటేడు నేను గులాబీలు కొనుక్కొచ్చి పేర్చిన. మూడో వరుసకే ఒక దిక్కు ఒరిగి కూలబడ్డది. పూల తప్పు కాదు, నడుమ నింపకపోతి. తాంబాళంల గుమ్మడాకులు పరిచి, ఒక్కో వరుస పెట్టినంక నడుమ తరిగిన కాడలు, ఆకులు పోసి అరచేతితోని గట్టిగ అదుము. వరుస వరుసకు లోపలికి జరుపు. మీద పసుపు గౌరమ్మ.

తొమ్మిది దినాలు పేర్చాలెనని పానం మీదికి తెచ్చుకోకు. మొదటి నాడు చిన్నది, ఆఖరికి సద్దుల నాడు పెద్దది చాలు. ఆరో నాడు బతుకమ్మే అలుగుతది, నీకూ సెలవే. హాల్‌ల డీజే పెట్టి ఆడేకాడికి గూడ పో, కొత్త చీర చూపెట్టాలె గద. గని అక్కడ చప్పట్లు ఇనరావు. ఇంటి ముంగట నలుగురితోనన్న ఆడు.

చెరువుల మాత్రం వదలకు. ఒకసారి వదిలితే పార్కాయన వచ్చి పువ్వు పువ్వూ ఏరిపిచ్చిండు. పట్టుచీరలు మోకాళ్ళ దాంక ఎగ్గట్టి, ఆ చల్లటి నీళ్ళల్ల ఐదుగురం! మీ పెదనాయన ఒడ్డు మీద నవ్వుడే నవ్వుడు. అప్పటిసంది పిల్లలాడుకునే ప్లాస్టిక్ తొట్లనే సాగదోలిన. ఆ పూలే తెల్లారి బంతి మడిల ఎరువు.

నైవేద్యం మలీద ముద్దలకు జొన్నరొట్టె వేడిమీదనే బెల్లమేసి పిసుకు, చల్లారితే ముద్ద కట్టది.

గోల్డెన్‌రాడ్ కనవడితే కోసే ముందు ఫోటో తీసి పంపు. అదో కాదో నేను చెప్త.

మీ పెద్దమ్మ