నడకలో కరిగిన కొవ్వు ఎటు పోతుంది?

ప్రశ్న: నాకు 46 ఏళ్లు. మాది నల్లగొండ. రోజూ తెల్లవారుజామున పానగల్లు ఉదయసముద్రం కట్ట మీద గంటసేపు నడుస్తాను. ఎంత చెమట పడితే అంత కొవ్వు కరుగుతుందని మిత్రులు చెప్పడంతో నెల రోజులుగా ప్లాస్టిక్ కోటు తొడుక్కుని నడుస్తున్నాను. కొవ్వు నిజంగా చెమటగా మారుతుందా? నడకకు బదులు పరుగెత్తితే పొట్ట త్వరగా తగ్గుతుందా?

జవాబు: ముందు ఆ కోటు తీసేయండి. ఒంటిని చల్లబరచడమే చెమట పని. కోటు వల్ల తూకంలో తగ్గేది నీరు మాత్రమే, కడుపునిండా నీళ్లు తాగితే ఆ బరువు మళ్లీ వస్తుంది. మన ప్రాంతపు ఎండల్లో ఇది వడదెబ్బకు దారితీయగలదు కనుక ఇంత గట్టిగా చెబుతున్నాను.

కొవ్వు ఉన్నచోట కరిగి కారిపోదు. మీరు నడక మొదలుపెట్టగానే రక్తంలో అడ్రినలిన్ పెరుగుతుంది, ఇన్సులిన్ తగ్గుతుంది. ఆ సంకేతంతో కొవ్వు కణాలు తమలోని నిల్వను ఫ్యాటీ ఆమ్లాలుగా, గ్లిజరాలుగా విడగొట్టి రక్తంలోకి వదులుతాయి. ఫ్యాటీ ఆమ్లాలు నీటిలో సరిగా కరగవు కాబట్టి అల్బుమిన్ అనే ప్రోటీన్ వాటిని కండరాల దాకా మోసుకుపోతుంది. అక్కడ కార్నిటిన్ అనే పదార్థం సాయంతో అవి కణాలలో శక్తిని తయారుచేసే మైటోకాండ్రియాలోకి చేరి, మీరు పీల్చిన ఆక్సిజన్‌తో కలిసి మండి శక్తినిస్తాయి. కండరాలలోనే దాగి ఉన్న కొద్దిపాటి కొవ్వు కూడా ఇందుకు తోడవుతుంది. ఇలా ఖర్చైన కొవ్వు బరువులో దాదాపు 84 శాతం బొగ్గుపులుసు వాయువుగా మారి ఊపిరితోనే బయటికి పోతుంది, మిగిలినది నీరవుతుంది.

పరుగు సంగతికి వస్తే, ఒక గ్రాము కొవ్వు 9 కిలోకేలరీలు ఇస్తుంది, పిండిపదార్థం 4 మాత్రమే ఇస్తుంది. అయినా అంతే ఆక్సిజన్‌తో ఎక్కువ శక్తినిచ్చేది పిండిపదార్థమే. అందుకే ఆయాసం పెరిగేకొద్దీ కండరాలు తమలోని గ్లైకోజెన్ అనే పిండిపదార్థపు నిల్వ వైపు మొగ్గుతాయి. పక్కవారితో మాట్లాడగలిగేంత వేగంలో కొవ్వు వాటా బాగుంటుంది. అయితే గంట మొత్తానికి ఖర్చయ్యే శక్తి పరుగులోనే ఎక్కువ, కాబట్టి వాటా ఒక్కటే చూసి పరుగును తక్కువ చేయడం సరికాదు. మోకాళ్లు సహకరిస్తే నడక మధ్యలో కొద్దిసేపు మెల్లగా పరుగెత్తండి.

గంట నడకలో మీరు కాల్చే కొవ్వు సుమారు 20 గ్రాములకు అటూ ఇటూగా ఉంటుంది. అదీ పొట్ట నుంచే రావాలని లేదు, ఒళ్లంతటి నుంచీ వస్తుంది. నిరాశ పడవద్దు: నెలల తరబడి నడిచినవారి కండరాలలో మైటోకాండ్రియా పెరిగి, అదే వేగంలో మునుపటికంటే ఎక్కువ కొవ్వును వాడుకోగలుగుతాయి. మధుమేహానికి మందులు వాడుతున్నట్లయితే, పరుగు మొదలుపెట్టే ముందు మీ వైద్యునితో మాట్లాడండి.