డాక్టర్ సలహా: ఒక్కరోజు తప్పితే మొత్తం మానేస్తున్నా.. నాకు పట్టుదల లేదా?

ప్రశ్న: నా వయసు 36. గుంటూరులో బ్యాంకు క్యాషియర్‌ని. ఎత్తు 158 సెం.మీ., బరువు 74 కిలోలు. జనవరిలో చేయించిన పరీక్షలో హెచ్‌బీఏ1సీ 6.1 వచ్చింది. షుగర్ అంచున ఉన్నానని చెప్పారు. అప్పటి నుంచి నాలుగుసార్లు మొదలుపెట్టాను. ఐదింటికి లేచి యోగా, రోజూ 10 వేల అడుగులు, అన్నం బంద్, తీపి బంద్, పదింటికల్లా నిద్ర. లక్ష్యం 58 కిలోలు. నోట్‌బుక్‌లో టిక్కులు పెట్టుకుంటూ పది, పదకొండు రోజులు పక్కాగా చేస్తాను. మొన్న మా మేనత్త గారి గృహప్రవేశంలో రెండు బొబ్బట్లు తిన్నాను. ఆ రాత్రి బిర్యానీ, మర్నాడు ఐస్‌క్రీమ్.. వారమంతా అంతే. మళ్లీ సోమవారం కొత్త నోట్‌బుక్. చిన్నప్పటి నుంచీ ఏ పనైనా పర్‌ఫెక్ట్‌గా ఉండాలనుకునే మనిషిని. ఇందులోనే ఎందుకు ఓడిపోతున్నాను? నాకు పట్టుదల లేదంటారా?
- ఒక సోదరి, గుంటూరు

జవాబు: ముందు ఆఖరి ప్రశ్న సంగతి చూద్దాం. బ్యాంకు ఉద్యోగం చేసుకుంటూ, ఐదింటికి లేచి, పదకొండు రోజులు అన్నం ముట్టని మనిషికి పట్టుదల లేదని ఎవరంటారు? కాస్త ఎక్కువే ఉంది.

ఆ రెండు బొబ్బట్లూ కలిపి, సైజును బట్టి, నాలుగైదు వందల కేలరీలు ఉంటాయేమో. నష్టం వాటితో జరగలేదు. ‘ఎలాగూ చెడింది కదా’ అనుకున్న క్షణం నుంచి మొదలైంది. నిండా మునిగినవాడికి చలేమిటి అన్నట్టు! ఇది మీ ఒక్కరి బలహీనత కూడా కాదు. పీటర్ హెర్మన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త బృందం 1975లో కొందరికి మిల్క్‌షేక్ తాగించి, ఆ వెంటనే ఐస్‌క్రీమ్ పెట్టింది. మామూలుగా తినేవాళ్లు మిల్క్‌షేక్ తాగాక ఐస్‌క్రీమ్ తగ్గించారు. ఎప్పుడూ నోరు కట్టుకుని ఉండేవాళ్లు మాత్రం, నియమం ఎలాగూ తప్పాం కదా అన్నట్టు, ఇంకాస్త ఎక్కువ తిన్నారు.

మీ ఉద్యోగంలో సాయంత్రం పది రూపాయలు తేడా వచ్చినా క్యాష్ క్లోజ్ కాదు. ఆ లెక్కనే ఒంటికీ పెడుతున్నారు. మీరు చేయించుకున్న పరీక్షే అలా లెక్కగట్టదు. ఎర్ర రక్తకణం సుమారు 120 రోజులు బతుకుతుంది. అన్నాళ్లూ రక్తంలోని గ్లూకోజు కొద్దికొద్దిగా దానిలోని హిమోగ్లోబిన్‌కు అంటుకుంటూ ఉంటుంది. ఎంత శాతానికి అంటుకుందో చెప్పేదే హెచ్‌బీఏ1సీ. అంటే రెండు మూడు నెలల సగటు. గృహప్రవేశం రోజు అందులో వెతికినా కనిపించదు. ఆ తర్వాతి వారం, అలాంటి నాలుగైదు వారాలు మాత్రం కనిపిస్తాయి.

హెచ్‌బీఏ1సీ 5.7 నుంచి 6.4 వరకు ఉంటే ప్రీడయాబెటిస్, అంటే షుగర్ అంచు అంటాం. మీది 6.1 కాబట్టి వెనక్కి తెచ్చుకునే అవకాశం బాగానే ఉంది. ఇలాంటివాళ్లు మూడు వేల మందికి పైగా పాల్గొన్న పెద్ద పరిశోధన ఒకటి అమెరికాలో జరిగింది. ఫలితాలు 2002లో వచ్చాయి. ఆహారం, నడక మార్చుకున్నవాళ్లకు పెట్టిన లక్ష్యాలు రెండే: బరువులో 7 శాతం తగ్గడం, వారానికి 150 నిమిషాల వ్యాయామం. చివరిసారి బరువు చూసేసరికి ఆ 7 శాతాన్ని నిలబెట్టుకున్నది 38 శాతం మందే! అయినా ఆ బృందం మొత్తం మీద షుగర్ వచ్చే ముప్పు 58 శాతం తగ్గింది. మీ 74 కిలోల్లో 7 శాతమంటే ఐదు కిలోలు. 58 కిలోల లక్ష్యాన్ని ప్రస్తుతానికి కొట్టేయండి.

ఇక ఆ పదివేల అడుగులు. 1964 టోక్యో ఒలింపిక్స్ తర్వాతి ఏడాది జపాన్‌లో అడుగులు లెక్కపెట్టే పరికరం ఒకటి అమ్మకానికి వచ్చింది. దాని పేరుకు అర్థమే ‘పదివేల అడుగుల మీటర్’. ఏ వైద్యుడూ లెక్కగట్టి చెప్పిన అంకె కాదది. సగటున 72 ఏళ్ల మహిళలపై 2019లో వచ్చిన ఒక అధ్యయనంలో రోజుకు 4,400 అడుగులకే మేలు కనిపించింది. మీ వయసులో ఇంకాస్త నడవగలరు, నడవండి. కానీ 6,000 అడుగుల రోజుకు నోట్‌బుక్‌లో ఇంటూ మార్కు పెట్టొద్దు. నేను చెప్పేవాడినే గానీ, ఓపీ ఆలస్యమైన రోజుల్లో నా నడక మా వీధి చివరి పాల బూత్ దాకానే.

మీ అయిదు నియమాల్లో రెండే ఉంచుకుందాం. ఒకటి, రాత్రి భోజనం అయ్యాక పది నిమిషాల నడక. వర్షమైతే హాల్లోనే. తిన్న వెంటనే కండరాలు కదిలితే పెరుగుతున్న గ్లూకోజును అవి వాడుకుంటాయి. ఓపిక ఉన్న రోజు అరగంట నడవండి, కానీ లెక్కకు పదే. రెండోది, అన్నం. మానొద్దు. ఇప్పుడు తినేదానిలో మూడో వంతు తగ్గించి, ఆ ఖాళీలో కూర, పప్పు వడ్డించుకోండి. యోగా, ఐదింటికి లేవడం లాంటివి ఈ రెండూ అలవాటయ్యాక చూద్దాం.

నోట్‌బుక్ ఉంచుకోండి. టిక్కులు మాత్రం వద్దు. తప్పిన రోజున, మళ్లీ దారిలోకి రావడానికి ఎన్ని పూటలు పట్టిందో రాయండి. ఈసారి ఏడు రోజులు పట్టింది. తర్వాతిసారి రెండు రోజులైతే అదే మెరుగు. పండగలు, పెళ్లిళ్లు క్యాలెండర్‌లో ముందే ఉంటాయి కదా. ఆ రోజు తినబోయే బొబ్బట్టును కూడా ముందే రాసుకోండి. నెయ్యి వేసుకుని కూర్చుని తినండి. బరువు వారానికి ఒక్కసారి చూసుకుంటే చాలు. ఉప్పు, నీరు తేడాతోనే ముల్లు కిలో అటూ ఇటూ అవుతుంది. దానికి రోజూ టెన్షన్ ఎందుకు?

ఒక్క విషయం మాత్రం దాచుకోవద్దు. తిన్నందుకు శిక్షగా మర్నాడు కడుపు మాడ్చుకోవడం, వాంతి చేసుకోవడం, ఆఫీసులోనూ చెక్ చేసిందే చెక్ చేస్తూ ఇంటికి ఆలస్యంగా రావడం, రెండు వారాలకు మించి దిగులు.. వీటిలో ఏదున్నా సైకియాట్రిస్టునో, సైకాలజిస్టునో కలవండి. పర్‌ఫెక్షన్ పట్టింపుకు కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ (ఆలోచనల తీరును, అలవాట్లను మార్చే మాటల చికిత్స) బాగా పనికొస్తుంది. బయటికి వెళ్లడానికి మొహమాటమైతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబర్ 14416కు ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడొచ్చు.

మూడు నెలల తర్వాత హెచ్‌బీఏ1సీ మళ్లీ చేయించండి. పరీక్షకు ముందు రెండు రోజులు ఉపవాసం ఉండి మార్కులు కొట్టేద్దామనుకోకండి. ఫాస్టింగ్ షుగర్ కాస్త తగ్గి కనిపించొచ్చు గానీ, మూడు నెలల సగటు దానికి లొంగదు.